పాయింటర్ కుక్కపిల్లకి ‘వేట లైన్’ అంటూ రెట్టింపు ధర: పెట్టొచ్చా?

భీమవరం చెరువుగట్టు:
జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్ పిల్ల కోసం చూస్తున్నాను. ఒకాయన ‘తండ్రిది వేట లైన్’, అంటే వేటకి పనికొచ్చే వంశం అంటూ రెట్టింపు అడుగుతున్నాడు. మా బావేమో లైనూ లేదు గీనూ లేదు, అంతా ట్రైనింగే అంటాడు. వేట మనకెలాగూ లేదు. చేపల చెరువు గట్ల మీద నాతో తిరగాలి, నీళ్లలోకి దిగాలి, విసిరింది తెచ్చివ్వాలి. అంత డబ్బు పెట్టొచ్చా?

రాజోలు లంక:
కళ్లు మూసుకుని పెట్టండి. కూర్చోమంటే కూర్చోవడం నేర్పగలం, ముక్కు నేర్పలేం. వాసన తగలగానే ఒక కాలు ఎత్తి కొయ్యబారిపోవడం, అదే పాయింట్ చేయడం, పుట్టుకతో రావాల్సిందే. తరతరాలుగా అందం మాత్రమే చూసి దాటించిన షో లైన్లలో అది పలచబడిపోతుంది.

తణుకు కాలవ:
రాజోలు గారూ, రక్తం దగ్గర మీతో పేచీ లేదు. రుజువేదీ అన్నదే నా పేచీ. జర్మనీలో ఈ జాతి క్లబ్బు కుర్ర కుక్కలకి వసంతంలో డెర్బీ, శరత్తులో సోల్మ్స్ అనే పరీక్షలు పెడుతుంది. మొదటిదాంట్లో ముక్కు, వెతుకులాట, పాయింట్ చేయడం చూస్తారు. రెండోదాంట్లో నీళ్లలో పని కూడా ఉంటుంది. అవి పాసై, తుంటి ఎక్స్‌రే బాగుంటేనే దాటించడానికి ఒప్పుకుంటారు. మన కెన్నెల్ క్లబ్ కాగితం వంశం చెబుతుంది, పనితనం చెప్పదు. ముత్తాత ఎంత మొనగాడైనా, తర్వాతి తరాలను ఎవరూ పరీక్షించకపోతే ‘వేట లైన్’ ఉత్త మాటే.

కర్రకి ఈక కట్టి ఆడిస్తే పిల్ల బిగుసుకు నిలబడిన వీడియో చూపిస్తారు. నమ్మకండి. అది కళ్లతో చూసి ఆగడం, ముక్కు సంగతి దాంతో తేలదు. తల్లిని బయటికి తెమ్మనండి. కోసిన చేలో కోడిమాంసం ముక్క కనపడకుండా దాచి, గాలికి ఎదురుగా వదలండి. పరుగు మధ్యలో తల ఒక్కసారి పక్కకి తిరిగి, అక్కణ్ణుంచి అటూ ఇటూ కోసుకుంటూ ముక్క దగ్గరికి చేరితే ముక్కున్నట్టే. తర్వాత కాలవలోకి గుడ్డ చుట్టిన కర్ర విసరండి. దిగి, నమలకుండా తెస్తే అప్పుడు ధర మాట్లాడండి.

యానాం రేవు:
అంత వేట రక్తం మన ఊళ్లలో ఇముడుతుందా? కోతలయ్యాక చేలల్లో బాతుల మందలు, సంక్రాంతి ముందు ఇంటింటా పందెం పుంజులు. ఒక పుంజు పోతే ఊళ్లో గొడవే. పైగా 1972 వన్యప్రాణి చట్టంలో వెంటాడి తరమడం కూడా వేట కిందికే వస్తుంది. చెరువు మీద వాలిన పిట్టల మీదికి ఉసిగొల్పారో, మీరే ఇరుక్కుంటారు.

తణుకు కాలవ:
నిజమే. చిన్నప్పుడే తాడు కట్టి కోళ్ల మధ్య తిప్పాలి. ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా: రోజూ ఒళ్లు అలిసే పని లేకపోతే ఈ జాతి ఇల్లు పీకి పందిరేస్తుంది. మన ఉక్కపోతలో ఆ పని తెల్లవారకముందే అయిపోవాలి. గాలిలో తేమ ఎక్కువైతే ఎంత రొప్పినా కుక్క ఒంట్లో వేడి దిగదు.

భీమవరం చెరువుగట్టు:
తెల్లారుజామున ఎలాగూ మేత వేయడానికి చెరువు మీదికి వెళ్తాను, అది ఇబ్బంది లేదు. ఆదివారం తల్లిని కాలవ దగ్గరికి తెమ్మంటాను. తేనంటే మామూలు ధర మించి ఇవ్వను.