32ఎక్స్‌ని ముంచింది చిప్పులా, సెగా నిర్ణయాలా?

సోల్డర్ శాస్త్రి: సెగా 32ఎక్స్ పుట్టుకతోనే పనికిరాని సరుకని ఇక్కడ చాలామంది తేల్చేస్తున్నారు. నేను ఒప్పుకోను. సెగా గేమ్ కన్సోల్ మెగా డ్రైవ్ సత్తా పెంచడానికి దాని కార్ట్రిడ్జ్ (ఆట ఉండే డబ్బీ) స్లాట్‌లో దిగే ఆ పెట్టెలో 23 మెగాహెర్ట్జ్ హిటాచీ ఎస్‌హెచ్-2 ప్రాసెసర్లు రెండున్నాయి. సెగా తర్వాతి కన్సోల్ సాటర్న్‌లో ఉన్నదీ ఆ జోడీయే, అక్కడ వేగం కాస్త ఎక్కువ, అంతే. 1994 నవంబర్‌లో అమెరికాలో 159 డాలర్లకి అంత సత్తా, పైగా 32,768 రంగులు!

పిక్సెల్ పద్మ: ఆ రంగుల లెక్క చూద్దాం. తెర మీది బొమ్మని ఉంచే మెమరీ, అదే ఫ్రేమ్ బఫర్, ఒక్కోటి 128 కేబీ, అంటే 1,31,072 బైట్లు. అన్ని రంగులు కావాలంటే పిక్సెల్‌కి 2 బైట్లు; ఆ చొప్పున 320×224 తెర నిండాలంటే 1,43,360 కావాలి. ఏ గీత మెమరీలో ఎక్కడుందో చెప్పే లైన్ టేబుల్‌కి 512 తీసేస్తే మిగిలింది 224లో 204 గీతలకే సరిపోతుంది. తెర నిండదు.

శాస్త్రి: 256 రంగుల మోడ్‌లో నిండుతుంది కదండీ. ఆ 256 కూడా 32,768లోంచి ఏరుకునేవే. ఒకేసారి 64 మించని మెగా డ్రైవ్ పక్కన పెట్టి చూడండి.

పద్మ: 204 గీతలకి జవాబు రాలేదు.

గోదారి గేమర్: 32ఎక్స్‌లో వచ్చిన డూమ్ ఆట ఒక్కటి చాలదా? తెర నిండా రాదు, చుట్టూ అంచు.

అప్పన్న: మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. పాతది ఒకటి దొరికింది. ఆటలో కొన్ని బొమ్మలే వస్తున్నాయి, వెనకాలంతా నల్లగా ఉంది. చిప్ పోయిందా అన్నా?

శాస్త్రి: చిప్ కాకపోవచ్చు, ముందు కేబుల్ చూడండి. మెగా డ్రైవ్ ఏవీ అవుట్ నుంచి 32ఎక్స్ ఏవీ ఇన్‌కి చిన్న కేబుల్ ఉండాలి, టీవీకి వెళ్లేది 32ఎక్స్ నుంచే. అది లేకపోతే మెగా డ్రైవ్ గీసే పొర రాదు. మెగా డ్రైవ్ మొదటి మోడల్‌కైతే 8 పిన్నుల నుంచి 9 పిన్నులకి మార్చే అడాప్టర్ కూడా కావాలి. 32ఎక్స్‌కి కరెంటు విడిగా ఇవ్వాలి: 10 వోల్టులు, 0.85 ఆంపియర్లు, మధ్యలో ప్లస్. మొదటి మోడల్ కరెంటు అడాప్టర్‌కి మధ్యలో మైనస్, పొరపాటున కూడా వాడొద్దు. అన్నీ సరిగ్గా ఉన్నా బొమ్మ చెదిరితే పెట్టె విప్పి, రెండు బోర్డుల మధ్య రిబ్బన్ కేబుల్ తీసి మళ్లీ బిగించండి. అది వదులవడం దీనికి మామూలే.

పద్మ: నేనంటున్నదీ ఇదే. సీడీ ఆటల కోసం మెగా డ్రైవ్‌కి తగిలించే సెగా సీడీ కూడా ఉంటే గోడకి మూడు అడాప్టర్లు. 32ఎక్స్ తగిలించి ఉండగా మెగా డ్రైవ్ కార్ల పందెం ఆట వర్చువా రేసింగ్ కార్ట్రిడ్జ్ నడవనే నడవదు. దీన్ని మంచి ఇంజనీరింగ్ అంటారా మీరు?

శాస్త్రి: అంటాను! దీన్ని తయారుచేసిన సెగా అమెరికా శాఖలోని జో మిల్లర్ బృందానికి ఏడాది కూడా టైమివ్వలేదు. ఆ గడువులో వర్చువా రేసింగ్ డీలక్స్ నడిపే పెట్టె చేసిచ్చారు. మీకు కోపం సెగా మీద, తిట్టేది బోర్డుని.

పద్మ: అవును, సెగా మీదే. సాటర్న్ జపాన్‌లో 1994 నవంబర్ 22న వచ్చింది. 32ఎక్స్ అక్కడ అమ్మకానికి పెట్టింది డిసెంబర్ 3న! వారసుడు బజారులోకి వచ్చేశాక దీన్ని అమ్మారు. 204 గీతలు పట్టుకుని నేను వదలనిది అందుకే. చెప్పిన అంకె ఒకటి, కొన్నవాడి చేతికొచ్చింది ఇంకొకటి.

శాస్త్రి: 1995 మేలో అమెరికాలో సాటర్న్ 399 డాలర్లు. అంత పెట్టలేని ఇంట్లో మెగా డ్రైవ్ ఉంటే 3డీ ఆట ఆడించింది ఇదే. వాళ్ల సంగతి ఎవరికీ పట్టదా?

పద్మ: మోసపోయింది వాళ్లే మాస్టారూ! సీడీవి కలిపినా సుమారు 40 ఆటలు, 1996కల్లా అంతా ముగిసింది. రెండోసారి కొనలేనివాడికి కంపెనీ ఇంకా ఎక్కువ బాకీ పడుతుంది.

శాస్త్రి: 32ఎక్స్ డూమ్‌ని అభిమానులు మళ్లీ రాసిన డూమ్ రిసరెక్షన్ నడిపి చూడండి. అదే బోర్డు, రెండు ప్రాసెసర్లకీ పని పంచితే ఎంత సాఫీగా పోతుందో తెలుస్తుంది.

పద్మ: పాతికేళ్ల తర్వాత వచ్చిన కోడ్ 1995లో కొన్నవాడికి ఏమిచ్చింది?

అప్పన్న: కేబుల్ లేదన్నా, అదే లోపం. రెండో మోడల్‌కి రెండు వైపులా 9 పిన్నులదే కదా కావాల్సింది?

శాస్త్రి: అదే. స్లాట్ చుట్టూ నప్పే ప్లాస్టిక్ స్పేసర్ కూడా అడగండి, అది లేకపోతే పెట్టె ఊగుతుంది.