మోసపోయినవారే ఓటు వేసి గెలిపిస్తారా?

ప్రశ్న – విశ్రాంత అధ్యాపకుడు

బిగ్‌బాస్ తెలుగును 2017లో వచ్చిన మొదటి సీజను నుంచి క్రమం తప్పకుండా చూస్తున్నవాణ్ని. ఈ వేసవిలో డాలస్‌లో మా అబ్బాయి ఇంటికి వచ్చినప్పుడు మా మనవడు పట్టుబట్టి అమెరికావారి ‘సర్వైవర్’ (ఆటగాళ్ళే ఓట్లు వేసి ఒకరినొకరు ఇంటికి పంపించుకునే రియాలిటీ పోటీ) చూపించడం మొదలుపెట్టాడు. 2000లో వచ్చిన మొదటి సీజను, ఆ తర్వాత మధ్యలోవి వదిలేసి వాడికి ఇష్టమైన 19, 20 సీజన్లు పూర్తి చేశాం.

నన్ను వదలని సందేహం ఒకటి ఉంది. మొదటి సీజనులో రిచర్డ్ హాచ్ అనే ఆయన మరో ముగ్గురిని కలుపుకుని కూటమి కట్టి, మిగిలినవారిని ఒక్కొక్కరినే సాగనంపి, చివరకు 10 లక్షల డాలర్లు గెలుచుకున్నాడు. రసెల్ హాంట్జ్ అనే ఆయన అంతకన్నా చురుగ్గా ఆడి, వరుసగా రెండు సీజన్లలో చివరి ముగ్గురిలో నిలిచి, రెండుసార్లూ ఓడిపోయాడు. రెండోసారి ఆయనకు ఒక్క ఓటు కూడా పడలేదు. నమ్మించి వెన్నుపోటు పొడవడం ఇద్దరూ చేసిన పనే. మరి ఒకరిని నెత్తిన పెట్టుకుని, మరొకరిని ఛీ కొట్టడంలో ఉన్న తర్కం ఏమిటి? మనవడిని అడిగితే ‘జ్యూరీ మేనేజ్‌మెంట్ తాతయ్యా’ అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఆ ముక్క నాకు అరగలేదు. అనుభవజ్ఞులు వివరించగలరు.

జవాబు – పాతటేపు

మాస్టారూ, మీ మనవడు చెప్పినది సరైనదే గానీ, అది అరగాలంటే విజేతను తేల్చేది ఎవరో ముందు చూడాలి. ఆట చివరి దశలో బయటకు వెళ్ళినవారే ‘సర్వైవర్’లో జ్యూరీగా కూర్చుంటారు. ఎవరి పేరు చీటీ మీద రాసి ఇంటికి పంపించామో, కొద్ది రోజుల తర్వాత వారి ఎదుటే నిలబడి ఓటు అడుక్కోవాలి. కాబట్టి అక్కడ వెన్నుపోటు పొడవడం సగం పనే. పొడిపించుకున్నవాడు ‘ఆట కాబట్టి చేశాడులే’ అని తనకు తాను సర్దిచెప్పుకునేలా చూసుకోవడం మిగతా సగం.

ఆ మొదటి సీజను మలేషియాలోని సాబా తీరానికి దగ్గరగా ఉన్న పులావ్ టిగా దీవిలో 39 రోజులు సాగింది. రెండు జట్లు కలిసిపోయే సరికి పదిమంది మిగిలారు, జట్టుకు ఐదుగురు చొప్పున. ఆ రాత్రి జరిగిన ఓటింగును మరొకసారి చూడండి. గ్రెచెన్ అనే ఆమెకు నాలుగు ఓట్లు పడ్డాయి. మిగిలిన ఆరు ఓట్లు ఆరుగురికి ఒక్కొక్కటిగా చెదిరిపోయాయి. పదిమందిలో నలుగురు మాట అనుకుంటే చాలని అక్కడ తేలిపోయింది. హాచ్‌కు ఎదుటి జట్టయిన పగాంగ్‌లోని చాలామందికి ముందే కూడబలుక్కుని ఓటు వేయడం అధర్మంగా తోచింది. షాన్ అనే నరాల వైద్యుడైతే ఎవరి మనసూ నొప్పించకుండా పేర్లను అక్షరక్రమంలో తీసుకుని ఓటు వేస్తానని పైకే ప్రకటించాడు. ఆయన ఓటు ఎవరి మీదకు వెళుతుందో ముందే తెలిసిపోయాక, దాని పక్కన తమ ఓట్లు చేర్చుకోవడం కూటమికి ఎంత సేపు? జెనా అలాగే బయటకు వెళ్ళింది. మంచితనం ఆటలో ఎంత పనికొచ్చే ఆయుధమో, అది ఎదుటివారి చేతికి ఎలా చిక్కుతుందో చూపడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ తెలియదు.

ఇక హాచ్ తెలివి బయటపడినది ముగ్గురు మిగిలిన రోజున. హాచ్, కెల్లీ, డెబ్బై రెండేళ్ల మాజీ నావికాదళ కమాండో రూడీ, ముగ్గురూ ఒక విగ్రహం మీద చేయి ఆనించి నిలబడాలి. చేయి తీయకుండా చివరిదాకా నిలిచినవారు తమ పక్కన తుది పోరుకు ఎవరు రావాలో నిర్ణయిస్తారు. హాచ్ తనంతట తాను చేయి తీసేసి పక్కకు తప్పుకున్నాడు. తాను గెలిస్తే రూడీని ఎంచుకోవాలి, అందరి అభిమానం పొందిన రూడీ పక్కన నిలబడితే ఓటమి ఖాయం. రూడీని కాదంటే ఇచ్చిన మాట తప్పినట్లవుతుంది, రూడీ ఓటు పోతుంది. తాను ఓడిపోతే మాత్రం ఆ పాపం మరొకరి ఖాతాలో పడుతుంది. అనుకున్నట్లే కెల్లీ గెలిచి రూడీని పంపించింది, రూడీ ఓటు హాచ్‌కే పడింది. తుది లెక్క 4–3.

ఆ నాలుగింటిలో మరొకటి లారీ డ్రైవరు సూ హాక్‌ది. ఆమె జ్యూరీ స్థానం నుంచి లేచి, కెల్లీని ఎలుకతోనూ హాచ్‌ను పాముతోనూ పోల్చి, పాము ఎలుకను మింగడం ప్రకృతి ధర్మం కాబట్టి అదే జరగనివ్వమని చెప్పి హాచ్‌కు ఓటు వేసింది. హాచ్ మీద ప్రేమతో వేసిన ఓటు కాదది. హాచ్ తాను పామునని మొదటి నుంచీ దాచుకోలేదు. కెల్లీ మాత్రం ఆమెకు స్నేహితురాలు. శత్రువు చేసిన గాయం కన్నా స్నేహితురాలు చేసిన గాయమే ఆమెకు ఎక్కువ నొప్పి పెట్టింది.

రసెల్ సంగతికి వస్తే, ఆయన వచ్చిన మొదటి రోజుల్లోనే సొంత జట్టువారి తాగునీరు పారబోశాడు, ఒకతని సాక్సులు మంటలో వేశాడు. చివరి రాత్రి జ్యూరీ ముందు కూడా తానే గొప్ప ఆటగాణ్నని వాదించాడే తప్ప, ఎదురుగా కూర్చున్నవారు మనుషులని గుర్తించినట్లు కనిపించలేదు. 19వ సీజనులో 7–2 తేడాతో నాటలీ వైట్ చేతిలో ఓడాడు. 20వ సీజనులో ఎదుటి జట్టులోని జేటీ ఆయనను అమాయకుడిగా భావించి, ఉత్తరం రాసి మరీ తన రక్షణ విగ్రహాన్ని (పడిన ఓట్ల నుంచి ఒకసారి కాపాడే వస్తువు) ఆయనకు అప్పగించినా, ఆ అవకాశం ఓట్లుగా మారలేదు. శాండ్రా 6–3–0తో గెలిచింది. ఆ శాండ్రాయే చివరి రోజుల్లో ఆయన టోపీని తీసుకెళ్ళి నిప్పుల్లో పడేసింది. సాక్సులు కాల్చినవాడి టోపీ కాలడం చూసి నేను గట్టిగా నవ్వానని ఒప్పుకుంటున్నాను.

వీలైతే 2008 నాటి 16వ సీజను కూడా చూడండి. మీ ప్రశ్నకు మరో కోణం అందులో ఉంది. ముందే చెప్పి చెడగొట్టను.

జవాబు – సోమవారం నామినేషన్

పాతటేపు గారి విశ్లేషణ బాగుంది గానీ, మాస్టారికి అసలు ఆ తికమక ఎందుకు కలిగిందో చెప్పాలంటే మన బిగ్‌బాస్‌తో పోల్చి చూడాలని నా అభిప్రాయం. మన ఇంట్లో సభ్యులు నామినేట్ మాత్రమే చేస్తారు. ఉంచేదీ పంపేదీ ప్రధానంగా ప్రేక్షకుల ఓట్లే. మోసపోయిన సభ్యుడికి చివరి రోజున ఏ అధికారమూ ఉండదు. ఆ మోసాన్ని ఏసీ గదిలో కూర్చుని అన్ని కెమెరాల నుంచీ చూసిన మనకే అధికారమంతా ఉంటుంది, మనకు పోయేది ఏమీ లేదు కాబట్టి క్షమించే అవసరమూ లేదు. పైగా వారాంతంలో నాగార్జున గారు వీడియో వేసి మరీ ఎవరు ఎవరి వెనుక ఏమన్నారో చూపిస్తారు. రహస్య కూటమి అనేది వారం రోజులకు మించి రహస్యంగా ఉండలేని ఇల్లు అది.

అందుకే మన దగ్గర కూటమి కట్టడం చాలాసార్లు ఎదురు తిరుగుతుంది. 2018లో రెండో సీజనులో ఇంటిలో అధికభాగం ఒక వైపు, కౌశల్ ఒక్కరే ఒక వైపు అన్నట్లు తయారైంది. ఇంట్లో ఆయనను ఎంత ఒంటరిని చేశారో బయట ఆయన సైన్యం అంత పెరిగింది, చివరకు ఆయనే గెలిచారు. అదే మనుషులు అదే పనిని ‘సర్వైవర్’ దీవిలో చేసి ఉంటే ఆయన రెండో వారమే పడవ ఎక్కేవారు. ఏడో సీజనులో శివాజీ, ప్రశాంత్, యావర్‌లను ఒక బృందంగా, శోభ, ప్రియాంక, అమర్‌దీప్‌లను మరొక బృందంగా ప్రేక్షకులే విడగొట్టి స్పై, స్పా అని పేర్లు పెట్టుకున్నారు. ఆ బృందాలకు ఇంటి లోపల ఎంత బలం ఉందో నాకు ఇప్పటికీ అనుమానమే. బయట మాత్రం అభిమానులు వాటి పేరు మీదే కొట్టుకున్నారు.

ఇంకో చిన్న మాట. మనవాళ్ళు సోమవారం నామినేషన్లలో ‘మీరు సేఫ్ గేమ్ ఆడుతున్నారు’ అని అంటే అది నింద. ‘సర్వైవర్’లో సేఫ్‌గా ఆడడమే ఆట.

జవాబు – లెక్కల మాస్టారు

ఇంత తర్కం అవసరమా అని నాకు అనుమానం. 4–3 అంటే ఒక్క ఓటు తేడా. ఆ నలుగురిలో గ్రెగ్ అనే కుర్రవాడు ఫైనలిస్టులిద్దరినీ అడిగినదల్లా ఒకటి నుంచి పది లోపు ఒక సంఖ్య చెప్పమని. హాచ్ ఏడు అన్నాడు, కెల్లీ మూడు అంది. గ్రెగ్ మనసులో ఉన్నది తొమ్మిది. ఓటు హాచ్‌కు వెళ్ళింది. అమెరికాలో 5 కోట్ల మందికి పైగా చూసిన ఫైనల్లో 10 లక్షల డాలర్లు చేతులు మారడానికి ఇది కూడా ఒక కారణమైతే, మిగిలిన వ్యూహాన్నంతా మనం ఫలితం వచ్చాక అల్లుకున్న కథ అనుకోవడంలో తప్పేముంది?

జవాబు – అర్ధరాత్రి లైవ్

లెక్కల మాస్టారు గారూ, అదృష్టం లేదని ఎవరూ అనరు. కానీ ఒకే మనిషి ఆడిన రెండు ఆటలను పోల్చి చూస్తే అదృష్టంతో సరిపెట్టలేం. మన బిగ్‌బాస్ లాంటిదే అయినా విజేతను జ్యూరీ తేల్చే అమెరికా ‘బిగ్ బ్రదర్’లో డాన్ గీస్లింగ్ 2008లో జ్యూరీలోని ఏడు ఓట్లకు ఏడూ తెచ్చుకుని గెలిచారు. 2012లో మళ్ళీ వచ్చారు, ఎలిమినేషన్ అంచుకు చేరారు. అప్పుడు ఇంటివాళ్ళందరినీ పిలిచి తన ‘అంత్యక్రియలు’ తానే జరిపించుకుని, ఒక్కొక్కరి గురించీ మంచిమాట చెప్పి, చివరకు తనకు అత్యంత సన్నిహితురాలైన డానియెల్‌తో ‘నా దృష్టిలో నువ్వు చచ్చిపోయినట్లే’ అని అందరి ముందూ అన్నారు. ఆమె ఏడుస్తుండగా, అప్పటిదాకా తనను పంపించేయాలని చూస్తున్న ఫ్రాంక్‌ను లోపలికి తీసుకెళ్ళి కొత్త పొత్తు కుదుర్చుకున్నారు. ఆ వారం ఆయన బదులు బ్రిట్నీ బయటకు వెళ్ళింది. ఎత్తుగడగా అంతకు మించినది నేను చూడలేదు. ఫైనల్లో మాత్రం ఇయాన్ చేతిలో 6–1తో ఓడిపోయారు. తెలివి తగ్గలేదు, తాను మోసం చేసినవాళ్ళు బెంచీ నిండా పేరుకుపోయారు, అంతే.

అదే జ్యూరీ అన్నది లేకపోతే ఏమవుతుందో, ఆటగాళ్ళలో కొందరు రహస్యంగా ద్రోహులుగా ఉండే ‘ట్రెయిటర్స్’లో కనిపిస్తుంది (మన మంచు లక్ష్మి పాల్గొన్న హిందీ ‘ట్రెయిటర్స్’కు మూలం కూడా ఈ నమూనాయే). 2024లో బ్రిటన్ రెండో సీజనులో హ్యారీ తనను చివరి క్షణం దాకా నమ్మిన మాలీని మోసగించి 95,150 పౌండ్లు ఒక్కడే తీసుకెళ్ళాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ చేతిలో ఓటు లేదు.

ప్రశ్న అడిగినవారి స్పందన – విశ్రాంత అధ్యాపకుడు

అందరికీ కృతజ్ఞతలు. పాతటేపు గారు చెప్పిన 16వ సీజనులో ఆ ఘట్టానికి నిన్న రాత్రి చేరుకున్నాం. ఐదుగురిలో మిగిలిన ఏకైక మగపిల్లవాడు ఎరిక్. ఆ రోజు పోటీ గెలిచి రక్షణ హారం మెడలో వేసుకున్నాడు, అంటే ఎవరూ వాణ్ని తాకలేరు. ఆ నలుగురు ఆడపిల్లలు వాడికి చెప్పినది సరిగ్గా మీరందరూ ఇక్కడ చెబుతున్నదే: అందరికీ మాటలిచ్చి తప్పావు, జ్యూరీ దృష్టిలో చెడ్డవాడివయ్యావు, ఈ హారం మాలో ఒకరైన నాటలీకి ఇచ్చేస్తే నీ పేరు నిలబడుతుంది అని. గెలుపు ఇచ్చే జ్యూరీ అంటే వాడికున్న భయాన్నే ఎరగా వేశారన్నమాట.

వాడు లేచి హారం మెడలోంచి తీస్తుండగా మా ఆవిడ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి ‘ఇవ్వకురా నాయనా’ అని టీవీకి చెప్పింది. ఇచ్చాడు. నాలుగు చీటీల మీదా వాడి పేరే.