చిన్న ఎపిసోడ్ల కామెడీ ఎనిమేలు (జపాన్ యానిమేషన్ సిరీస్‌లు) ఎందుకింత పట్టేస్తాయి? మీకు నచ్చినవి చెప్పండి

రాత్రి_షిఫ్ట్: డ్యూటీ అయ్యాక 24 నిమిషాల ఎపిసోడ్ పెట్టే ఓపిక ఉండట్లేదు. అందుకే 'తొనారి నో సెకి-కున్' మొదలుపెట్టాను. ఒక్కోటి ఎనిమిది నిమిషాల్లోపే. క్లాసులో సెకి పాఠం వినకుండా డెస్కు మీద రబ్బర్లు పేర్చి ఆడుకుంటాడు, పక్క సీట్లో యొకోయ్ అది చూస్తూ చదువు మర్చిపోతుంది. 21 ఎపిసోడ్లూ ఇదే తంతు, అయినా విసుగు రాలేదు. ఎందుకంటారు? ఇంట్లో అందరూ కలిసి చూసేవి ఉంటే చెప్పండి.

ఫాస్ట్_ఫార్వర్డ్: సెకి-కున్ 1.5 స్పీడులో పెట్టి, పాట రాగానే స్కిప్ కొడితే ఒక్క రాత్రిలో మొత్తం అయిపోతుంది బ్రో. నేనలాగే చూశా.

డెస్కు_డ్రమ్ములు: ఆ ముగింపు పాటను స్కిప్ చేశారా! పెన్నులూ స్కేళ్లతో డెస్కు మీద వాయించే ఆ డ్రమ్స్ అకిరా జింబోవి. కాసియోపియా అనే జపాన్ బ్యాండ్‌లో వాయించిన మనిషి. నేను పాట కోసమే ఎపిసోడ్ మళ్లీ పెట్టుకుంటాను. పైగా సెకి నోరు విప్పడు. అతను ఏం చేయబోతున్నాడో యొకోయ్ ఊహించుకుంటూ ఉండే ఆ కాసేపే నవ్వంతా. దాన్ని పరిగెత్తిస్తే మిగిలేదేముంది?

ఫాస్ట్_ఫార్వర్డ్: నా ఫోన్, నా డేటా. 'టీక్యూ' చూడండి. రెండు నిమిషాల ఎపిసోడ్, అందులోనే పాట, ఊపిరి తీసుకోకుండా డైలాగులు. దాన్ని తీసినవాళ్లే అంత స్పీడు పెట్టారు కదా!

డెస్కు_డ్రమ్ములు: వాళ్లు ఆ స్పీడుకు తగ్గట్టు రాసి తీశారు. మీరు వేరేవాళ్లు తీసినదాన్ని తొక్కేస్తున్నారు. రెండూ ఒకటెలా అవుతాయి?

ఎన్2_పాస్: జపనీస్ భాషా పరీక్షలో ఎన్2 స్థాయి పాసయ్యాను, సబ్‌టైటిల్స్ లేకుండానే చూస్తాను కాబట్టి చెబుతున్నా. ఇలాంటి చిన్న కామెడీల్లో కొన్నింటికి మూలం నాలుగు గడుల కామిక్స్. మొదటి గడిలో సంగతి మొదలు, రెండోదాంట్లో కొంచెం ముందుకు, మూడోదాంట్లో మలుపు, నాలుగోదాంట్లో ముగింపు. జోకు అక్కడితో అయిపోతుంది. దాన్ని అరగంట సాగదీస్తే నీళ్లు కలిపిన సాంబారే. 'అజుమాంగా దయో' కూడా అలాంటి కామిక్సే. 2002లో దాన్ని సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకో ఐదు నిమిషాల ముక్కగా వేసి, వారాంతంలో అన్నీ కలిపి చూపించారు. 1969 నుంచి నడుస్తున్న 'సజాయె-సాన్' ఆదివారం సాయంత్రం అరగంటలో మూడు కథలు చెబుతుంది. కాబట్టి ఇదంతా ఫోన్లు వచ్చాక పుట్టిన పద్ధతి కాదు.

చిన్నూ_వాళ్లమ్మ: మీరంతా షిన్‌చాన్‌ని వదిలేశారేం? అదీ ఒక్కో ఎపిసోడ్‌లో చిన్న చిన్న కథలేగా. తెలుగు డబ్బింగ్ విని మావాడు మామగారికి అదే యాసలో ఎదురు సమాధానాలు చెబుతున్నాడు. ఇలాంటివి పొగిడేముందు ఇంట్లో పిల్లలున్నారని ఆలోచించండి.

ఫాస్ట్_ఫార్వర్డ్: మేమూ షిన్‌చాన్ చూసే పెరిగామక్కా. ఎవరం చెడిపోలేదు.

చిన్నూ_వాళ్లమ్మ: మీ అమ్మగారిని అడిగితే తెలుస్తుంది.

సైతామా_తెలుగు: చిన్నదైతేనే గొప్ప అనడం నేను ఒప్పుకోను. 'యమ నో సుసుమె' 2013లో ఐదు నిమిషాల ఎపిసోడ్లతో మొదలైంది. ఎత్తంటే భయపడే అవోయి, చిన్ననాటి నేస్తం హినతా కలిసి కొండలెక్కే కథ. 2014లో రెండో సీజన్‌కి పావుగంట చేశారు. ఫుజి ఎక్కుతూ అవోయి ఒళ్లు బాగోక మధ్యలో ఆగిపోతుంది. ఆ బాధ ఐదు నిమిషాల్లో పట్టదు. 2022లో నాలుగో సీజన్ పూర్తి నిడివిలోనే వచ్చింది. మనసులో మాట పెరిగేకొద్దీ టైమ్ కావాలి. వాళ్ల ఊరు హన్నో, టోక్యోలోని ఇకెబుకురో నుంచి సెయిబు కంపెనీ రైల్లో వెళ్లొచ్చు. వాళ్లెక్కిన తెన్రన్ కొండ రెండొందల మీటర్లు కూడా ఉండదు. పైనుంచి ఊరంతా కనిపిస్తుంది, తప్పకుండా వెళ్లండి.

డెస్కు_డ్రమ్ములు: అవోయి ఏడ్చింది కామెడీ కాదు కదండీ. చర్చ కామెడీల గురించి.

సైతామా_తెలుగు: నవ్వించే మనుషులే కాబట్టి ఆ ఏడుపు తగులుతుంది. చూసి మాట్లాడండి.

రాత్రి_షిఫ్ట్: ఇంట్లో చూసేవి ఎవరూ చెప్పలేదు.

ఎన్2_పాస్: 'చీస్ స్వీట్ హోమ్' పెట్టండి. 2008లో వచ్చింది, ఒక్కోటి మూడు నిమిషాలు. తప్పిపోయిన పిల్లికూనని యమాదా కుటుంబం వాళ్లు ఇంటికి తెస్తారు, కానీ ఆ అపార్ట్‌మెంట్లో జంతువుల్ని పెంచకూడదు. ఎవరి కంటా పడకుండా దాచడమే కథ. ఒక్క చెడ్డ మాట ఉండదు.

చిన్నూ_వాళ్లమ్మ: ఇది బాగుంది. మావాడికి సబ్‌టైటిల్స్ చదవడం రాదు, నేను చదివి వినిపించాలా?

డెస్కు_డ్రమ్ములు: అక్కర్లేదండి. పిల్లి ఏం చేస్తుందో చూస్తే చాలు, వాడికే అర్థమవుతుంది. స్పీడు మాత్రం మార్చకండి.

ఫాస్ట్_ఫార్వర్డ్: మళ్లీ నా మీదకే వచ్చారా!