నిండు కుండ తొణకదు, మరి తొణికిసలాడే మనిషి మాటేమిటి?

అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం తిరుపతిలో మా పదో తరగతి వాళ్ళం కలిశాం. చిత్తూరులో 1997లో బడి ముగించిన గుంపు. చివరి రోజు మా తెలుగు అయ్యవారు ఒక పని పెట్టినారు. ఒక్కొక్కరి గుణానికి సరిపోయే సామెతో, పద్యపాదమో నల్లబల్ల మీద రాయాలి. పేరు రాయకూడదు. అది ఎవరో మిగతావాళ్ళు పోల్చాలి. ఆ రోజు బల్ల మీద పడినవన్నీ నోటుబుక్కులో ఎక్కించుకున్న ఒకామె, ఇన్నేళ్ళూ దాన్ని దాచి మొన్న పట్టుకొచ్చింది. అందులోని ఒక సామెత గురించి మీతో మాట్లాడాలని ఇది రాస్తున్నాను.

చాలావరకు ఇప్పటికీ సరిగ్గానే ఉన్నాయి. పొట్టిగా ఉండి గొంతు మాత్రం బడి గేటు దాకా వినిపించేవాడికి 'పిట్ట కొంచెం కూత ఘనం'. ఎవరేం చెప్పినా తల వంచుకుని చేసేసేవాడికి 'మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి'. అది వాడి గుణం కంటే మా గుణాన్నే ఎక్కువ చెప్తుందని ఇప్పుడు చదివితే తెలుస్తోంది. అయిదు సబ్జెక్టుల నోట్సూ మొదలుపెట్టి ఒక్కటీ పూర్తి చేయనివాడికి 'తిరపతి క్షవరం'. మన దిక్కు ఇది తెలియనివాళ్ళు తక్కువే గానీ, కొత్తవాళ్ళ కోసం చెప్తాను. యాత్రికులు ఎక్కువ, మంగళ్ళు తక్కువ ఉన్న రోజుల్లో ఒకరి తల మీద ఒక చాలు గీకి, ఆ మనిషి ఇంక ఎక్కడికీ పోలేడని కూర్చోబెట్టి, ఇంకొకరి తల పట్టుకునేవాళ్ళని కథ. ఇప్పుడు కల్యాణకట్టలో టోకెను ఇస్తారు, వరసలో గుండు చేస్తారు, డబ్బు కట్టే పని లేదు. ఆ అగచాట్లు పోయినా మాట మాత్రం నిలిచింది.

ఇక్కడొక తేడా గమనించండి. 'తిరపతి క్షవరం' జాతీయం, 'నిండు కుండ తొణకదు' సామెత. జాతీయం ఒక ముక్క. వాక్యంలో ఎక్కడ అతికిస్తే అక్కడ అతుక్కుంటుంది. సామెత నిండు వాక్యం, అదొక తీర్పు. సామ్యత అన్న మాటలోంచే సామెత వచ్చిందంటారు, అంటే పోలిక. పోలిక ఒక సందర్భానికి చెప్పేది. దాన్ని తీసుకెళ్ళి మనిషి నుదుట రాస్తే, ఆ మనిషి జీవితమంతా అదే సందర్భంలో నిలబడిపోతాడు. మా నోటుబుక్కులో సరిగ్గా అదే జరిగింది.

తరగతిలో ఒకమ్మాయి అసలు నోరు విప్పేది కాదు. ఆమెకు 'నిండు కుండ తొణకదు' అని రాసినారు. చూడగానే అందరం ఆమె పేరే చెప్పినాం. ఆమె పక్క బెంచీలో ఇంకొకడు ఉండేవాడు. నవ్వు ఆపుకోలేడు, మాట ఆపుకోలేడు. వాడికి వేమన పద్యంలో మూడో పాదం పడింది: 'కంచు మ్రోగినట్లు కనకంబు మ్రోగునా'. ఆ పద్యం మొదటి పాదం ఏమిటో తరగతి మొత్తానికీ నోటికొచ్చు. 'అల్పుడెపుడు పల్కు నాడంబరముగాను.' అంటే పేరు పెట్టకుండానే వాణ్ణి అల్పుడన్నాం. రాసింది నేనే. వాడు చదివి అందరికంటే ముందు నవ్వినాడు.

మొన్న ఆ పేజీ చదివినప్పుడు ఆమె లేచి చెప్పిన మాట విని నేను నిశ్చేష్టుణ్ణయ్యాను. ఆమెది గుడియాత్తం వైపు నుంచి వచ్చిన తమిళ కుటుంబం. ఇంట్లో అంతా అరవమే. "నాకు తెలుగు సరిగ్గా రాక మాట్లాడలేదప్పా, మీరు దాన్ని నిండు కుండ చేసినారు. తప్పు మాట్లాడితే నవ్వుతారని భయం" అనింది. బడి రోజుల్లో ఆమె తప్పు తెలుగుకు నవ్వకుండా, తిరిగి సరిగ్గా పలికి, పదాలు నేర్పింది ఎవరో తెలుసా? పక్క బెంచీ కంచు.

తర్వాత ఆమె ఇంకొకటి చెప్పింది, భాష మీద ప్రేమ ఉన్నవాళ్ళకు ఇది పండగ. ఈ సామెత తమిళంలోనూ ఉంది, అక్కడ దానికి రెండో సగం కూడా ఉంది: 'నిఱైకుడం తళుంబాదు, కుఱైకుడం కూత్తాడుం.' నిండు కుండ తొణకదు, వెలితి కుండ చిందులాడుతుంది. సంస్కృతంలోనూ రెండు సగాలున్నాయి: 'సంపూర్ణకుంభో న కరోతి శబ్దం, అర్ధో ఘటో ఘోషముపైతి నూనమ్.' సంస్కృతం చప్పుడును పట్టుకుంది, తమిళం ఆటను పట్టుకుంది. కన్నడంలో 'తుంబిద కొడ తుళుకువుదిల్ల', తెలుగులాగే తొణకడం మీద నిలిచింది. తళుంబు, తుళుకు, తొణుకు మూడూ ఒక ఇంటి పిల్లల్లా వినిపిస్తాయి నాకు.

బిందె నెత్తిన పెట్టుకుని నడిచినవాళ్ళకు ఇది పుస్తకం చెప్పక్కరలేదు. సగం బిందెలో నీళ్ళకు ఊగే చోటుంటుంది. అడుగడుక్కీ గోడలకు కొట్టుకుని చప్పుడు చేస్తాయి, ఎగిసి భుజం మీద పడతాయి. నిండిన బిందెలో ఊగే చోటే లేదు. అందుకే 'తొణకడు బెణకడు' అని మెచ్చుకుంటాం. ఇంతవరకు ఒప్పుకుంటాను.

కానీ మన భాషే అదే ధాతువును తీసుకుని 'తొణికిసలాడు' అన్న మాట చేసింది. ముఖంలో కళ తొణికిసలాడుతోంది అంటాం, మాటల్లో ప్రేమ తొణికిసలాడింది అంటాం. అక్కడ తొణకడం వెలితి కాదు, లోపల పట్టనంత ఉండటం. సామెత ఒక్కటే పట్టుకున్నవాడికి ఈ రెండో అర్థం కనపడదు. పదిహేనేళ్ళ వయసులో నాకు కనపడలేదు. పైగా కుండ నిండి ఉందో, వట్టిదో, మూతి కట్టేసి ఉందో బయట నిశ్శబ్దాన్ని బట్టి చెప్పలేం. వట్టి కుండా తొణకదు కదా. ఈ సంగతి సామెత ఎక్కడా చెప్పదు, మనమే గుర్తుపెట్టుకోవాలి.

వాడి పేజీలో వేమన పాదం కింద ఖాళీ ఉంది. అక్కడ నేను 'తొణికిసలాడే మనిషి' అని రాసి సంతకం పెట్టినాను. వాడు చదివి, "ఆ చేతిరాత నాకు ఆ రోజే తెలుసు లే" అన్నాడు.

ఇప్పుడు ఇది చదువుతున్న మన గుంపులో పెద్దలను అడిగేది ఇది. తెలుగులో ఈ సామెతకు రెండో సగం ఎక్కడైనా వాడుకలో విన్నారా? కుప్పం, పలమనేరు వైపు కన్నడం, తమిళం రెండూ కలిసే ఊళ్ళలో అవ్వలు, జేజిలు ఎలా చెప్పేవాళ్ళు? కుండ బదులు కడవ అనేవాళ్ళా? విన్నది విన్నట్టు, పలికిన యాసలోనే రాయండి.