షాపులో స్టాఫ్ మనసు పెట్టి పనిచేయాలంటే ఇన్సెంటివ్ పెంచాలా, షిఫ్టులు సరిచేయాలా?

ఫ్లోర్‌మేనేజర్: రెడీమేడ్ బట్టల షోరూమ్ చూసుకుంటున్నాను. స్టాఫ్ కోసం ఖర్చుపెట్టడానికి పైవాళ్లు కొంత డబ్బు ఇచ్చారు. ఎవరెంత అమ్మితే వాళ్లకంత అన్న లెక్కన ఇన్సెంటివ్ పెంచుదామని నా ఆలోచన. షిఫ్టుల పద్ధతి మార్చమని స్టాఫ్‌లో కొందరు అడుగుతున్నారు. మీరేమంటారు?

లెక్కలపిచ్చి: ఇన్సెంటివే. 'ఈ నెల ఉత్తమ ఉద్యోగి' అని గోడకు ఫోటో తగిలిస్తే ఇంటి అద్దె కట్టుకుంటారా? చేతికి నాలుగు రాళ్లు ఎక్కువొస్తే హుషారు దానంతటదే వస్తుంది.

బిల్లింగ్‌కౌంటర్: ఫోటో విషయంలో మీ మాటే నాదీ. కానీ విడివిడిగా ఇన్సెంటివ్ పెడితే ఫ్లోర్ మీద ఏం జరుగుతుందో చెప్తాను. కొనేలా కనిపించే కస్టమర్ రాగానే ముగ్గురు మీద పడతారు. రిటర్న్ కవర్ పట్టుకుని ఎవరైనా వస్తే అందరికీ ఒక్కసారిగా ర్యాకులు సర్దే పని గుర్తొస్తుంది. ట్రయల్ రూమ్‌లో వదిలేసిన బట్టలు మడతపెట్టేవాళ్లు, గోడౌన్ నుంచి సైజు వెతికి తెచ్చేవాళ్లు, నాలా బిల్లు కొట్టేవాళ్లు ఈ లెక్కలోకే రారు.

అసలు టెన్షన్ ఎక్కడంటే, రేపు ఎన్నింటికి రావాలో ఈ రాత్రి మెసేజ్ చూస్తే గానీ తెలియదు. పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలో, డాక్టర్ దగ్గరికి ఏ రోజు వెళ్లాలో ఏదీ ముందే అనుకోలేం. అలా వచ్చిన మనిషిని నవ్వుతూ పలకరించమంటే పళ్లు కనిపిస్తాయి, అంతే.

పాతకాగితాలు: డబ్బు తక్కువైతే అసంతృప్తి పెరుగుతుంది గానీ, ఎక్కువిచ్చినంత మాత్రాన పని మీద ఇష్టం పుట్టదని అమెరికా మనస్తత్వవేత్త హెర్జ్‌బర్గ్ 1959లోనే రాశాడు కదా.

లెక్కలపిచ్చి: ఆయన మాట్లాడింది ఇంజినీర్లతో, అకౌంటెంట్లతో. రోజంతా నిలబడి పనిచేసే సేల్స్ అమ్మాయిని అడిగి ఉంటే ఏం చెప్పేదో!

పాతకాగితాలు: అది నిజమే, ఒప్పుకుంటాను. అయితే షాపుల్లోనే చేసింది ఒకటుంది. అమెరికాలో గ్యాప్ బట్టల షాపుల్లో 2015-16లో శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగో ప్రాంతాల్లో 28 స్టోర్లలో ప్రయోగం చేశారు. రెండు వారాల ముందే షిఫ్టులు చెప్పడం అన్నిచోట్లా పెట్టారు. కొన్ని స్టోర్లలో ఇంకా ముందుకెళ్లి, షిఫ్టు మొదలయ్యే వేళ, ముగిసే వేళ వీలైనంత మారకుండా చూశారు. మేనేజర్‌ని అడగకుండానే యాప్‌లో ఒకరి షిఫ్టు ఇంకొకరు తీసుకునే వీలు కల్పించారు. కొందరు పార్ట్‌టైమ్ వాళ్లకు వారానికి కనీసం ఇన్ని గంటలని మాటిచ్చారు. ఆ స్టోర్లలో అమ్మకాలు మిగతా వాటితో పోలిస్తే దాదాపు 7 శాతం పెరిగాయి.

లెక్కలపిచ్చి: రద్దీ వేళల్లో అదనంగా మనుషుల్ని కూడా పెట్టారు కదా అందులో? అమ్మకం దానివల్ల పెరిగిందా, షిఫ్టులవల్లా అన్నది ఎలా విడదీస్తారు? పైగా అది ఒక్క కంపెనీ.

పాతకాగితాలు: కొన్నింట్లో పెట్టారు, పూర్తిగా విడదీయలేం. కానీ మీ ఇన్సెంటివ్ వైపు ఈమాత్రం ఆధారమైనా చూపించండి.

ఫ్లోర్‌మేనేజర్: వినడానికి బాగుంది. జనం ఎప్పుడొస్తారో నాకే తెలియనప్పుడు రెండు వారాల ముందు ఎలా చెప్పను?

పాతకాగితాలు: అదే ప్రయోగంలో బయటపడిన సంగతి వినండి. షిఫ్టుల గందరగోళంలో చాలా భాగం కస్టమర్ల వల్ల రాలేదు. స్టాక్ లారీలో ఏముందో సరిగా తెలియకపోవడం, ఆఫర్లు ఆఖరి నిమిషంలో మారడం, పెద్దవాళ్లు తనిఖీకి వస్తున్నారని హడావిడి. అన్నీ హెడ్ ఆఫీస్ పుణ్యమే.

ఫ్లోర్‌మేనేజర్: ... మా తనిఖీల సంగతి గుర్తుచేయకండి.

మూడోఅంతస్తు: కుర్చీ గురించి ఎవరూ మాట్లాడరేం? బ్రిటన్‌లో షాపుల్లో పనిచేసే ఆడవాళ్లకు ముగ్గురికొక సీటైనా ఉండాలని 1899లోనే చట్టం చేశారు. మన దగ్గర కేరళ 2018లో చేసింది. కస్టమర్ లేనప్పుడు కూర్చుంటే బద్ధకం అనుకునే చోట ఇన్సెంటివ్ అయినా, రోస్టర్ (షిఫ్టుల పట్టిక) అయినా ఏం లాభం?

బిల్లింగ్‌కౌంటర్: దానికి నాదొకటి కలపండి. బిల్లు ఉంది, ట్యాగు ఉంది, సైజు మాత్రం మార్చాలి. దానికి కూడా నేను మేనేజర్ సంతకం కోసం పరిగెత్తాలి, వెనక క్యూ నన్ను తిడుతుంది. ఫలానా మొత్తం వరకు నీ ఇష్టం అని ఒక్కసారి చెప్పి చూడండి.

లెక్కలపిచ్చి: ఇవన్నీ చేయండి, వద్దనను. వీటికి పెద్దగా ఖర్చు కూడా లేదు. కానీ జీతమే చాలని చోట ఇవి చూపించి డబ్బు మిగుల్చుకుంటే మాత్రం స్టాఫ్‌కు వెంటనే తెలిసిపోతుంది.

ఫ్లోర్‌మేనేజర్: సరే. ఇన్సెంటివ్‌ను ఒక్కొక్కరికి కాకుండా స్టోర్ మొత్తానికి కలిపి పెడతాను, బిల్లింగ్, గోడౌన్ వాళ్లతో సహా. ఎక్స్‌ఛేంజ్ అధికారం కౌంటర్‌కే ఇస్తాను. రోస్టర్ రెండు వారాలు నా వల్ల కాదు, వారం ముందు నుంచి మొదలుపెడతాను.

లెక్కలపిచ్చి: అందరికీ కలిపి పెడితే బాగా అమ్మేవాళ్లు మానేసి వెళ్లిపోతారు, చూస్తూ ఉండండి.

బిల్లింగ్‌కౌంటర్: వెళ్లేవాళ్లు ఇప్పుడూ వెళ్తూనే ఉన్నారు కదండీ.