కొలత తీసి కట్టిందీ, ప్రింటు తీసి అతికించిందీ ఒకే బల్ల మీదా?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. ఇరిగేషన్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. ట్రేసింగ్ పేపర్ల మధ్య, అమోనియా ప్రింట్ల ఘాటు పీలుస్తూ ఉద్యోగం అయిపోయింది. చేతులు ఊరుకోక ఇప్పుడు కాగితంతో మోడళ్లు కడుతున్నా. మాది రాజమండ్రి, కాబట్టి ఏం కట్టాలా అని బుర్ర బద్దలు కొట్టుకునే పని లేకపోయింది. 1997లో రైళ్లు మొదలైన ఆర్చి బ్రిడ్జి. ఒక్కో స్పాను, అంటే రెండు స్తంభాల మధ్య భాగం, 97.55 మీటర్లు, అలాంటివి 28. నేను 1:200 కొలతలో ఒకే ఒక్క స్పాను కట్టా, 48.8 సెంటీమీటర్లు వచ్చింది. అన్నీ కడితే పదమూడున్నర మీటర్లు దాటుతుంది. మా వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మానికి 11 మీటర్లే!

పోయిన నెల పక్క ఊళ్లో మోడళ్ల ప్రదర్శన పెడితే తీసుకెళ్లా. ప్లాస్టిక్‌కి ఓ బల్ల, చెక్కకి ఓ బల్ల, కాగితానికి ఓ బల్ల. నా స్పాను పక్కన నెట్‌లోంచి ప్రింటు తీసి కట్టిన కోట ఉంది. జడ్జీగారు వచ్చి వంగి చూసి, "ఏ సైట్లో దొరికిందండీ ఈ ప్రింటు?" అన్నారు. దొరకలేదండీ, గట్టు మీద నిలబడి ఫొటోలు తీసి, వేలాడే కడ్డీలు లెక్కపెట్టి గీసుకున్నా అన్నా. "ఓహో" అని ముందుకెళ్లిపోయారు. మొదటి బహుమతి కోటకి. దాని కోత నాకన్నా శుభ్రంగా ఉందండీ, అబద్ధమెందుకు.

నా బాధ వేరు. ఆర్చిని బోలుగా, నాలుగు పలకల పెట్టెలా కట్టాలి. పక్క పలకలు రెండూ సరిగానే కోశా. పైనా కిందా అతికే పట్టీలు రెండూ ఒకే పొడవు కోసేశా. మందం 8 మిల్లీమీటర్లే కదా, ఏం తేడా వస్తుందిలే అనుకున్నా. రెండు రాత్రులు అగరుబత్తి పుల్లతో ఫెవికాల్ పూసుకుంటూ అవతలి కొసకి చేరేసరికి పై పట్టీ 9 మిల్లీమీటర్లు చాలలేదు. పై వంపు పెద్దది, కింది వంపు చిన్నది! ఉద్యోగమంతా కాలవ మలుపులు గీసినవాణ్ణి, భోజనాల బల్ల దగ్గర ఈ తప్పు చేశా. ప్రింటు షీటులో ఆ 9 మిల్లీమీటర్లు ఎవరో ముందే తప్పుచేసి, దిద్ది మన చేతిలో పెడతారు.

అందుకే అడుగుతున్నా. తెల్ల కాగితం నుంచి మొదలెట్టిన వాటికి వేరే తరగతి ఉండాలా, ఇది నా చాదస్తమా?

బోయిన్‌పల్లి బ్లేడు:
బాబాయిగారూ, మీ పనికి దండం. కానీ "ప్రింటు తీసి అతికించింది" అన్నారు చూడండి, అక్కడ గుచ్చుకుంది. నేను కట్టేవి పోలండ్ కిట్లు, ముక్కలన్నీ అచ్చేసి వచ్చే షీట్లు. అక్కడ 1950ల చివర్లోనే కాగితపు మోడళ్ల కోసమే ఓ పత్రిక మొదలైంది, విమానాలైతే 1:33 కొలతలో వేయడం వాళ్ల ఆనవాయితీ. ఒక్క ల్యాండింగ్ గేర్‌కే నలభై ముక్కలు కోశాను మొన్న. కోసిన అంచు తెల్లగా కనబడకుండా ప్రతి ముక్కకీ వాటర్‌కలర్ అద్దాలి. అది అతికించడం కాదండీ.

ఇంకోటి. నా ఫ్రెండు కంప్యూటర్లో త్రీడీ బొమ్మ తనే చేసి, పెపకురా అనే సాఫ్ట్‌వేర్లో పెట్టి చదునైన ముక్కలుగా విప్పుతాడు. ముక్కలు సాఫ్ట్‌వేరే పరిచి ఇస్తుంది. పట్టీ పొడవు తప్పే ఛాన్సే లేదు. వాడు మీ బల్ల మీదా, నా బల్ల మీదా?

మూడో లైను:
ఇండియన్ రైళ్లు కట్టేవాణ్ణి. మాకు ఈ గొడవ పట్టాల దగ్గరే మొదలు. మన బ్రాడ్‌గేజిలో పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు, 1:87కి దించితే 19.3 వస్తుంది. బజార్లో దొరికే హెచ్‌ఓ (1:87 కొలత) పట్టాలు 16.5, ఎందుకంటే అవి విదేశాల్లో ఎక్కువగా వాడే 1435 గేజికి లెక్క. అంటే కొన్న పట్టాల మీద మన బండి నిలబెట్టగానే అబద్ధం మొదలైంది. కిట్టు దొరకనివాడే స్క్రాచ్‌లోకి, అంటే మొదట్నించీ అన్నీ తనే చేసుకోవడంలోకి, దిగుతాడు మాస్టారూ. ప్లాస్టిక్ పోటీల్లో స్క్రాచ్‌బిల్ట్ అని వేరే తరగతి ఎప్పట్నించో ఉంది, కాగితానికి ఎందుకుండకూడదు? నా ఓటు మీకే.

మౌంట్‌బోర్డు:
ఆర్కిటెక్చర్ పాఠాలు చెబుతాను. మా కాలేజీలో కిట్టు అన్నమాటే లేదు, పిల్లలు చేసేదంతా మీ పద్ధతే. అయినా వేరే తరగతికి నేను ఒప్పుకోను సార్. చిన్న ఊరి ప్రదర్శనలో ముగ్గురొస్తారు, ముగ్గురికీ బహుమతులు. ఆ కప్పు ఇంట్లో పెట్టుకుంటే మీకే నవ్వొస్తుంది.

మారాల్సింది జడ్జీ అడిగే ప్రశ్న. ఉదాహరణకి గుమ్మటం. కాగితాన్ని గొట్టంలా చుట్టొచ్చు, పొట్లంలా చుట్టొచ్చు, కానీ ముడత పడకుండా బంతికి తొడగలేం. తొనలుగా కోయాల్సిందే. ఎనిమిది తొనలు పెడితే పలకలు పలకలుగా కనబడుతుంది, పదహారు పెడితే నున్నగా వస్తుంది కానీ కొస దగ్గర జిగురు ముద్దలు కడుతుంది. ఎన్ని పెట్టావు, ఎందుకు పెట్టావు అని అడిగితే, తను గీసిన పిల్లవాడు పావుగంట చెబుతాడు. గీయనివాడు రెండు మాటల్లో ముగిస్తాడు. మోడల్ పక్కన గీసిన షీటూ, పాడైపోయిన ముక్కా పెట్టమనండి. బల్ల ఒకటే ఉన్నా ఎవరిది ఏంటో తెలిసిపోతుంది.

సాఫ్ట్‌వేరు వాడినవాళ్లూ గీసినవాళ్లే అని నా లెక్క. ఎక్కడ కోయాలో, అతుకు ఏ వైపు దాచాలో మనిషే చెప్పాలిగా.

పప్పుచారు:
వేలాడే కడ్డీలకి దారమే వాడుంటారు, పైగా అగరుబత్తి పుల్ల. అది కాగితపు మోడలేనా? డౌటు అడిగానంతే, కొట్టకండి.

గోదారిగట్టు:
పప్పుచారు గారూ, పుల్ల జిగురు పూయడానికే. కడ్డీలు మాత్రం తెల్ల కుట్టుదారం, ఫెవికాల్ పట్టించి బిగదీసి ఆరబెట్టినవి. దొరికిపోయా.

బ్లేడు బాబూ, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. నలభై ముక్కల చక్రం నా వల్ల కాదు, నా చెయ్యి ఈమధ్య కాస్త వణుకుతోంది.

అమ్మా మౌంట్‌బోర్డూ, మీరన్నది రాత్రంతా తిరిగింది బుర్రలో. బహుమతి దగ్గర కాదు, ఆ "ఓహో" దగ్గరే నాకు మండింది. నేను చెబుదామనుకుంది ఆయన వినలేదు. ఆ పొట్టి పట్టీ పారేయలేదు, స్కేలు కింద అలాగే ఉంది. ఈసారి స్పాను ముందు పెడతా, 9 మిల్లీమీటర్ల చోట ఎర్ర పెన్సిలు గీత పెట్టి. ఎవరూ అడక్కపోతే నేనే పిలిచి చెబుతా.

వేరే తరగతి కావాలన్న కోరిక పూర్తిగా చావలేదనుకోండి. మూడో లైను గారి పట్టాల లెక్క విన్నాక కొంచెం పెరిగింది కూడా. కానీ ముగ్గురికి మూడు కప్పులు నాకూ వద్దు.

రెండో స్పాను మొదలెట్టా. పక్క పలకలకి పెళ్లి శుభలేఖలే వాడతాను, మంచి మందం ఉంటాయి. నిగనిగలాడేవి మాత్రం పనికిరావు, ఫెవికాల్ పట్టదు, ఉప్పుకాగితం పెట్టి రుద్దుతూ కూర్చోవాలి. వినాయకుడి బొమ్మ ఉన్న ముక్కని మా ఆవిడ ముందే కత్తిరించి పుస్తకంలో దాచేస్తుంది, మిగిలిందే నాకు. మీ ఇళ్లలో గరుకు రకం శుభలేఖలుంటే పారేయకండి. ఇంకా 27 స్పాన్లున్నాయి.