పోపు స్లో మోషన్‌లో తీస్తే చారలు వస్తున్నాయి, ఏ లైటు వాడాలి?

పులిహోర పోపు రీల్ ఫోన్‌తో తీస్తున్నాం. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు తీసుకునే సమయం) 1/50 సెకను పెడితే వంటింటి ఎల్‌ఈడీ బల్బు కింద కూడా శుభ్రంగానే వస్తోంది. ఆవాలు చిటపటలాడే ముక్క మాత్రం 120 ఫ్రేముల్లో కావాలి. చిక్కంతా అక్కడే. మన కరెంటు 50 హెర్ట్జ్, బల్బు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. 120 ఫ్రేముల్లో షట్టర్ 1/120 సెకను కన్నా ఎక్కువసేపు తెరిచి ఉండదు, అంటే బల్బు ఒక్క మినుకు (1/100 సెకను) కూడా పూర్తిగా పట్టదు. దాంతో మూకుడు మీద నల్లచారలు పాకుతున్నాయి. పగలు కిటికీ పక్కన తీస్తే ఉండవు, కానీ వీలయ్యేది రాత్రిళ్లే.

పవర్ బ్యాంకుతో నడిచే లైటు సరిపోతుందా? వెలుగు తగ్గిస్తే అదీ మినుకుతుందా? ఇంకోటి, పసుపన్నం ఫ్రేము నిండా రాగానే గిన్నె అంచులు నీలంగా మారిపోతున్నాయి. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా చేసే రంగుల సర్దుబాటు) లాక్ చేయాల్సింది తెల్ల కాగితం మీదా, పసుపు కలపని అన్నం మీదా? వాడి చూసినవాళ్లు కాస్త చెప్పండి.